సర్వే నంబరు లేని బడి

నమోదు 1. జూన్ 3

ఏం చేశామో యంత్రాలు వాటంతటవే రాసుకుంటాయి. ఎందుకు చేశామో మాత్రం ప్రణాళికాధికారి రోజూ చేత్తో రాయాలి. జాతీయ విద్యా పరిశోధనా జాలం పంతొమ్మిది రోజులు పడిపోయిన ఏడాది తర్వాత పెట్టిన నిబంధన ఇది. అప్పుడు ఏ తీగ ఎందుకు ఎటు వేశారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదట. నా ముందు ముగ్గురు రాశారు. ఇప్పుడు బొప్పన ఇందుమతి అనే నేను రాస్తున్నాను.

పొద్దున్నే నూజివీడు కేంద్రంలో ఫిల్టర్లు విప్పి ఉప్పు దులిపాను. సముద్రం అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా వారానికి ఇంత ఉప్పు యంత్రాల్లో చేరుతూనే ఉంది. గోడ మీద, యంత్రాలన్నిటినీ కలిపే రింగు పటంలో నూట నలభై మూడు సభ్య సంస్థల దీపాలూ పచ్చగా ఉన్నాయి.

టపాలో ఒక దరఖాస్తు వచ్చింది. చేతిరాత. దివిసీమ నావల బడి. ఏడు నావలు, రెండు వందల పన్నెండు మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు. సర్వే నంబరు అడిగిన చోట "184/2. ప్రస్తుతం నాలుగు మీటర్ల నీళ్ళ కింద ఉంది" అని రాశారు. కింద సంతకం: కొక్కిలిగడ్డ పేరంటాలు, ప్రధానోపాధ్యాయురాలు.

నాలుగో నిబంధన ప్రకారం సభ్య సంస్థకు స్థిరమైన చోటు, సర్వే నంబరు ఉండాలి. కాబట్టి తిరస్కరించే కాగితాల దొంతరలో పెట్టాను. టీ తాగి వచ్చి మళ్ళీ బయటికి తీశాను. దానికి కుట్టి పంపిన నాలుగు నోటుపుస్తకాలే కారణం. సముద్రం ఎంత ఎత్తుకి పొంగిందీ, ఎంత దిగిందీ, రోజుకి మూడుసార్లు కొలిచి పిల్లలు రాసిన లెక్కలవి. ఆరేళ్ళుగా ఒక్క పూట కూడా ఖాళీ లేదు. సముద్ర పరిశోధన కళాశాలకి ఆ తీరంలో మిగిలిన కొలత పరికరాలు రెండే. వాటి అంకెలతో ఒక రోజుది పోల్చి చూశాను. తేడా రెండు వేళ్ళు.

చూసి రావాలి.

నమోదు 2. జూన్ 9

అవనిగడ్డ కరకట్ట దగ్గర బస్సు దిగి, అక్కణ్ణుంచి మరపడవ. నాతో మా టవర్ల మనిషి మస్తాన్ వలీ వచ్చాడు. ఎంత ఎత్తయినా ఎక్కుతాడు, మాట మాత్రం తక్కువ.

కట్ట దాటాక నీళ్ళలోంచి పాత హైటెన్షన్ టవర్లు వరసగా పైకి లేచి కనిపిస్తాయి. కింద పొలాలుండేవి. మస్తాన్ ఒకదాని కాలిని సుత్తితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"పై పెచ్చు తినేసింది గానీ లోపల గట్టిగానే ఉంది మేడం. మన రేడియో పెట్టె బరువు మోస్తది."

పేరంటాలు టీచరుకి నలభై ఐదేళ్ళుంటాయి. మొదటి నావలో తొమ్మిదో తరగతికి త్రికోణాలు చెబుతోంది. చెక్కపలక మీద బొమ్మ లేదు. దూరంగా కనిపిస్తున్న టవరుని చూపించి, దాని ఎత్తు ఇక్కడి నుంచే లెక్కకట్టమంది. ఒక అమ్మాయి చెప్పిన జవాబు మస్తాన్ దగ్గరున్న లెక్కకి మీటరు తేడాతో సరిపోయింది.

పాఠం అయ్యాక అడిగాను. "జాలంతో మీకేం పని టీచర్ గారూ?"

"పదో తరగతి పరీక్ష అందులోనే కదండీ పెట్టేది. సభ్యత్వం ఉన్న బడైతేనే పిల్లకి నంబరిస్తారంట. నిరుడు పధ్నాలుగు మందిని గట్టు మీద హాస్టల్లో దింపి రాయించాం. పన్నెండు మంది ఫెయిలు."

"పాఠాలు రాకనా?"

"పాఠాలొచ్చు మేడం గారూ. పుట్టినకాణ్ణించీ ఊగే నావలో పడుకున్నోళ్ళు. కదలని నేల మీద వాళ్ళకి నిద్ర పట్టలా. నెలరోజులు కళ్ళు తేలేసుకుని పరీక్షలకెళ్ళారు."

నావలన్నీ ఒక్కచోట కట్టేసుకోవచ్చు కదా అన్నాను. ఆమె నవ్వింది. "చేప ఒక్కచోట ఉంటే మేమూ ఉంటామండీ. తల్లిదండ్రులు ఎటెళితే బడీ అటే."

ఈ ఏడు పరీక్ష రాయాల్సినవాళ్ళు పంతొమ్మిది మంది. నంబర్ల జాబితా సెప్టెంబరు ఒకటిన మూసేస్తారు. సర్వసభ్య మండలి సమావేశం ఆగస్టు 24న. నా దగ్గర పదకొండు వారాలున్నాయి.

నమోదు 3. జూన్ 21

సాంకేతిక సంఘం సమావేశం. అధ్యక్షులు దిట్టకవి శేషశాయి గారు. డెబ్బై నాలుగేళ్ళు. పడిపోయిన జాలాన్ని మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో మిగిలిన ఒక్కరు. ఈ పని నాకు నేర్పింది ఆయనే.

మూడు టవర్ల మీద పెట్టెలు బిగిస్తే, నావ ఏ టవరుకి దగ్గరైతే దాని ద్వారా జాలంలోకి వస్తుందని పటం వేసి చూపించాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నావ ఒక టవరు వదిలి ఇంకో టవరు పట్టుకుంటుంది. అప్పుడేమవుతుంది?"

"దారి మారిందని రింగులో ప్రకటన వెళ్తుంది సార్."

"ఎవరికి?"

"అన్ని సంస్థల యంత్రాలకీ."

"ఏడు నావలు. రోజుకి ఎన్నిసార్లు మారతాయి?"

"రెండు వందలు దాటదు."

"గాలివాన రోజున?"

నా దగ్గర అంకె లేదు. అదే చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "అమ్మాయ్, ఆ పంతొమ్మిది రోజులూ నేను చూశాను. ఒక్క చోట వదులుగా కట్టిన ముడి. ఆసుపత్రుల్లో పాత మందుల చీటీలు చూడ్డానికి కూడా లేకపోయింది. ఎవరెవరు పోయారో పేర్లతో సహా నాకు తెలుసు. కదిలే సభ్యుడంటే నాకు భయం. దాన్ని దాచుకోను."

చివరికి పది రోజుల ప్రయోగానికి అనుమతిచ్చారు. షరతు ఒకటే. రింగు ఒక్కసారి ఆగినా ఫైలు మూసేస్తారు. లేచే ముందు ఇంకో దారి కూడా చూపించారు. నావలకి కొలత పరికరాలు బిగించి, వాటిని సముద్ర కళాశాల పరికరాలుగా నమోదు చేయవచ్చు. పరికరం ఎక్కడికైనా కదలొచ్చు, ఏ నిబంధనా అడ్డు రాదు. పిల్లలు ఆ పరికరాల లంకె మీదే పాఠాలు చదువుకోవచ్చు, పరీక్ష నంబర్లు కళాశాల పేరు మీద అడిగి చూడొచ్చు. సభ్యత్వం ఉండదు, ఓటుండదు.

నాకు అది మంచి మాటగానే తోచింది.

నమోదు 4. జూన్ 24

వైర్‌లెస్‌లో పేరంటాలు టీచరుకి ఆ దారి చెప్పాను.

"అంటే మమ్మల్ని బడి కింద కాదు, కొలబద్ద కింద రాసుకుంటారన్నమాట."

"పిల్లలకి పని జరుగుతుంది కదా టీచర్ గారూ."

"ఈ ఏడు జరుగుద్ది. ఇంకో రెండేళ్ళకి వాళ్ళకి కొత్త పరికరాలొస్తే? అప్పుడు మమ్మల్ని తీసేస్తుంటే అడగడానికి మాకు నోరుంటదా? ఆ సభలో నాకు కుర్చీ ఉంటదా?"

"ఉండదు."

"మా లెక్కలు కావాలంటే తీసుకోమనండి, ఊరికే ఇస్తాం. అవి పనికొస్తున్నాయని మాకు చోటివ్వొద్దు. పిల్లలకి చదువు చెప్తన్నాం కాబట్టి ఇవ్వండి."

ఆ దారి వద్దని ఫైల్లో రాసి, కారణం ఆమె మాటల్లోనే పెట్టాను.

నమోదు 5. జూలై 11

ప్రయోగం మొదలైంది. మస్తాన్ నాలుగు రోజుల్లో మూడు టవర్లెక్కి పెట్టెలు బిగించాడు. ఒకదాని మీద నీటికాకులు గూడు పెడితే, వాటి పిల్లలు ఎగిరిపోయేదాకా రెండు రోజులు ఆగాడు. సాయంత్రానికి ఏడు నావల దీపాలూ నూజివీడు గోడ మీద వెలిగాయి. మొదటి రోజే ఐదో తరగతి వాళ్ళు సముద్ర కళాశాలకి ఉత్తరం రాశారు. కళాశాల ప్రకటించిన అంకెల్లో మార్చి నెల తప్పుందని. తప్పే.

ఒక విషయం ఇక్కడ రాయాలి. టవరు మారిన ప్రతిసారీ ప్రకటనని కొన్ని నిమిషాలు ఆపిపట్టే పరిమితి ఒకటుంది. అది పెడితే రింగుకి క్షేమం, కానీ పిల్లలకి పాఠం మధ్యలో తెగుతుంది. ప్రయోగం బాగా కనిపించాలని నేను ఆ పరిమితి పెట్టలేదు.

నమోదు 6. జూలై 14

ఉదయం పదకొండు ఇరవైకి నైరుతి గాలి లేచింది. రెండు నావలు రెండో టవరుకీ మూడో టవరుకీ మధ్య చిక్కుకుని, సెకనుకి మూడు నాలుగుసార్లు అటూ ఇటూ మారడం మొదలుపెట్టాయి. ప్రతి మార్పూ రింగంతా తిరిగింది. నిమిషానికి నాలుగు వందల ప్రకటనలు. పాత యంత్రాలు తట్టుకోలేక ఒక్కొక్కటే ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అవి మొదలైనట్టు ఇంకో ప్రకటన. గోడ మీద దీపాలు ఎర్రగా మారుతుంటే నేను నావల లంకె తెంచేశాను. అప్పటికే ఆలస్యమైంది. రింగు తేరుకోవడానికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది.

ఆ సమయంలో వైద్య కళాశాలలో ఆరు వందల మంది ఆఖరి సంవత్సరం పరీక్ష రాస్తున్నారు. వాళ్ళ జవాబులు పోయాయి.

మధ్యాహ్నం మస్తాన్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడం, రెండో టవరు బ్యాటరీ కూడా అదే టైముకి పడిపోయింది. నివేదికలో బ్యాటరీ అని రాయొచ్చు. అబద్ధం కూడా కాదు."

"రింగు ఆగింది దానివల్లనా మస్తాన్?"

"కాదు."

"అయితే వద్దు."

అతను తలూపి వెళ్ళి నాకొక గ్లాసు మజ్జిగ తెచ్చిపెట్టాడు. నివేదిక రాశాను. పరిమితి పెట్టాల్సింది నేనే, పెట్టనిది నేనే, ఎందుకు పెట్టలేదో కూడా. శేషశాయి గారు ఐదింటికి ఫైలు మీద సంతకం చేసి మూసేశారు.

నమోదు 7. జూలై 19

వైద్య కళాశాలకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ డాక్టర్ రోజ్‌లిన్ నన్ను నేరుగా విద్యార్థుల ముందుకే తీసుకెళ్ళింది. జరిగింది చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. వెనక వరసలోంచి ఒకతను లేచి, "మళ్ళీ చదవాలి మేడం మేము, అదంతా" అన్నాడు. అవునన్నాను. పరీక్ష నెలాఖరుకి పెట్టారు.

అక్కణ్ణుంచి కరకట్టకి. పేరంటాలు టీచరుకి ముఖాముఖి చెప్పాలనిపించింది. ఆమె లాకు గది దగ్గర టపా కోసం వచ్చింది. కట్ట మీద తలుపుల లాకు నడిపే మనిషికి కట్టిన పాత ఇటుకల గది అది.

నేను చెబుతుంటే వింటూనే ఆమె ఉత్తరాల కట్ట విప్పి ఏ నావవి ఆ నావకి వేరు చేస్తోంది. అన్నిటి మీదా ఒకటే చిరునామా ఉంది. లాకు గది, కరకట్ట, అవనిగడ్డ.

"ఈ రోజు ఏ నావ ఎక్కడుందో రాసేవాళ్ళకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"వాళ్ళకెందుకండీ తెలవడం? లాకాయనకి తెలుసు. చాలదా?"

బస్సులో కూర్చున్నాక ఆ మాట వదల్లేదు. నూట నలభై మూడు సంస్థలకీ నావ ఎక్కడుందో చెప్పాలని నేనెందుకు అనుకున్నాను? లాకు గదిలో ఒక యంత్రం పెడితే, నావల సంగతి దానికొక్కదానికి తెలిస్తే చాలు. రింగుకి కనిపించేది కట్ట మీద కదలకుండా ఉన్న ఆ గది ఒక్కటే. నావలు ఎన్ని టవర్లు మారినా ఆ ప్రకటనలు గది గడప దాటవు.

బస్సు నూజివీడు చేరేలోపు పటం వేశాను.

నమోదు 8. ఆగస్టు 6

శేషశాయి గారింటికి వెళ్ళి పటం ఆయన ముందు పరిచాను.

"ఆ ఫైలు మూసేశాను. ఇచ్చిన మాట మీద మళ్ళీ తెరవను" అన్నారు.

"కొత్త ఫైలు తెరవొచ్చా సార్?"

ఆయన పటం తన వైపు తిప్పుకున్నారు. "నిబంధనల్లో వద్దని లేదు."

"అయితే ఇది పడిపోతుందో లేదో మీరే వచ్చి పడగొట్టి చూడండి. నేను చూస్తే మళ్ళీ బాగున్నట్టే కనిపిస్తుంది నాకు."

దానికి వెంటనే ఒప్పుకున్నారు.

నమోదు 9. ఆగస్టు 13

శేషశాయి గారు రెండు రోజులు నావలో ఉన్నారు. రింగుకి ఏ ముప్పూ రాకుండా ముందు విడిగా కట్టిన నకలు జాలం మీద, ఆ తర్వాతే అసలు రింగు మీద పరీక్ష. పరిమితి కూడా ఈసారి పెట్టాను.

మొదటి రోజు వాంతులు చేసుకున్నారు. పేరంటాలు టీచరు అల్లం రసం ఇచ్చి, "పెద్దాయనా, దూరంగా కనిపించే టవరు వంక చూడండి, నీళ్ళ వంక చూడమాకండి" అంది. రెండో రోజుకి లేచి కూర్చుని పిల్లలకి పనులు పురమాయించారు. ఏడు నావలనీ రెండు టవర్ల మధ్య ఎదురూ బొదురూ తిప్పించారు. ఒక టవరు పెట్టెని మస్తాన్ చేత ఆపించి తీయించారు. లాకు గది యంత్రాన్ని చెప్పాపెట్టకుండా తనే పీకేశారు. అది పీకినప్పుడు నావలన్నీ జాలం లోంచి పోయాయి. రింగుకి మాత్రం ఒక్క గది ఆగిందని తెలిసిందంతే. నూట నలభై మూడు దీపాల్లో ఒక్కటీ రంగు మారలేదు.

లోటు లేకపోలేదు. టవరు మారినప్పుడు పిల్లలకి నాలుగు నిమిషాల దాకా లంకె తెగుతుంది. పరీక్ష రోజున నావలు లంగరు వేసుకుని కూర్చోవాలి. ఒక్క రోజుకైతే సరేనంది పేరంటాలు టీచరు.

సాయంత్రం కట్ట మీది బెంచీపై కూర్చుని ఆయన సంతకం పెట్టారు. "రింగుకి ప్రమాదం లేదు" అని తన చేత్తో రాశారు. కలం మూసి నాతో అన్నారు. "మండలిలో మాత్రం మా సంస్థ తరఫున వ్యతిరేకంగా ఓటేస్తానమ్మాయ్. ముందే చెబుతున్నాను."

ఎందుకని అడిగాను. అక్కడే చెబుతానన్నారు.

నమోదు 10. ఆగస్టు 24

సర్వసభ్య మండలి. సగం మంది నూజివీడు సభలో, మిగతావాళ్ళు తెరల మీద. నావల బడి తరఫున పేరంటాలు టీచరు ఓటు లేని అతిథిగా చివరి వరసలో కూర్చుంది. ఉద్యోగిగా నాకు నిబంధన మార్చమనే ప్రతిపాదన పెట్టే హక్కు లేదు. ఏ సభ్యులు పెడతారో అని పదిరోజులుగా సంస్థల చుట్టూ తిరిగాను. చివరికి డాక్టర్ రోజ్‌లిన్ లేచింది.

"నాలుగో నిబంధనలో 'స్థిరమైన చోటు, సర్వే నంబరు' తీసేసి 'ఉత్తరం అందే చిరునామా' అని మార్చాలని మా కళాశాల కోరుతోంది. మా పిల్లలు ఒకే పరీక్ష రెండుసార్లు రాశారు, కోపం నాకింకా ఉంది. అయినా రెండుసార్లు రాయడానికి వాళ్ళకొక చోటుంది."

శేషశాయి గారు మాట్లాడారు. "రింగుకి ప్రమాదం లేదని నేనే రాశాను. అది నిజం. కానీ ఒకరికి తలుపు తెరిస్తే రేపు వంద మంది వస్తారు. వాళ్ళందరికీ ఇలాంటి గదులు ఎవరు కాపాడతారో ఈ సభ ఇంకా ఆలోచించలేదు. ఆలోచించకుండా తెరవడం నాకిష్టం లేదు. అందుకే వ్యతిరేకిస్తున్నాను." మండలి అధ్యక్షురాలు నన్నడిగితే, ఆ గదుల ప్రణాళిక ఆరు నెలల్లో తెస్తానని చెప్పాను.

నిబంధన మారాలంటే తొంభై ఆరు ఓట్లు కావాలి. అనుకూలం తొంభై ఏడు. వ్యతిరేకం నలభై ఒకటి. ఐదుగురు ఎటూ వేయలేదు.

చివరి వరసలో పేరంటాలు టీచరు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అధ్యక్షురాలు పిలిచి ముందుకి రమ్మన్నారు. శేషశాయి గారు తన పక్కనున్న కుర్చీ మీంచి సంచీ తీసి కింద పెట్టుకున్నారు. ఆమె వచ్చి అందులో కూర్చుంది. సభ్యుల పట్టీలో నూట నలభై నాలుగో పేరు ఎక్కింది. పంతొమ్మిది మంది నంబర్ల కోసం మస్తాన్ అప్పటికే బయట పరీక్షల కార్యాలయంతో మాట్లాడుతున్నాడు.

తర్వాతి అంశం నాది. రింగులో పాత యంత్రాలు మార్చడానికి అక్టోబరు రెండో వారంలో తూర్పు తీరం వైపు మూడు రోజులు జాలం ఆపాలని నా ప్రతిపాదన. నాలుగు నెలలు కూర్చుని వేసిన ప్లాను. అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షురాలు మామూలుగా అడిగారు.

పేరంటాలు టీచరు చెయ్యెత్తింది.

"అక్టోబరు రెండో వారమంటే మాకు తుపాను రోజులండీ. ఆ మూడు రోజులూ కబురందకపోతే నావలు ఎటెళ్ళాలో తెలవదు. అప్పుడు ఆపొద్దు. జనవరిలో ఆపుకోండి, నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి."

జనవరిలో ఎందుకు కుదరదో పది నిమిషాలు వివరించాను. కొత్త యంత్రాలు అప్పటిదాకా గోదాములో ఉండాలి, మనుషులు దొరకరు, పాతవి ఇంకో మూడు నెలలు లాగాలి. ఆమె అంతా విని, "మీ ఇబ్బంది అర్థమైంది మేడం గారూ. నేను మాత్రం వద్దనే వేస్తా" అంది.

ఓటింగు జరిగింది. అనుకూలం డెబ్బై రెండు, వ్యతిరేకం డెబ్బై రెండు. సమానమైతే ప్రతిపాదన వీగిపోయినట్టే.

సభ ముగిశాక ఆమె నా దగ్గరికి వచ్చి, కోపమొచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. నిజంగానే వచ్చింది. ఆమె తలూపి, వచ్చే సోమవారం తుపాను లెక్కల పుస్తకాలు పట్టుకొస్తానంది, ఏ వారం నెమ్మదిగా ఉంటుందో వాటిలో చూసుకోవచ్చని. తొమ్మిదింటికి రమ్మన్నాను.

పాత ప్లాను గోడ మీంచి తీసేశాను. జనవరి కాగితం అతికించి, మొదటి గడిలో యంత్రాల పేర్లు రాయడం మొదలుపెట్టాను.